కండకా, చర్మం కిందా: టెస్టోస్టెరాన్ సూదుల మీద ఒక సమీక్ష

ముదినేపల్లిలోనైనా గుడివాడలోనైనా మందుల షాపులో చీటీ చూపించి టెస్టోస్టెరాన్ అడిగితే మామూలుగా చేతికొచ్చేది ఒక్క మిల్లీలీటరు గాజు ఆంపౌల్. పెట్టె మీద 250 మి.గ్రా. అని ఉంటుంది, లోపల లేత పసుపు నూనె. చీటీలో రెండు వారాలకోసారనో మూడు వారాలకోసారనో రాసి ఉంటుంది. ఆ రాత వెనక లెక్కేమిటో రోగికి ఎవరూ చెప్పరు. అదే మందు వారానికోసారి కొద్దికొద్దిగా చర్మం కింద వేసుకుంటే ఏమవుతుందో, మూడు నెలలకోసారి వేసే 4 మి.లీ. డిపో ఇంతకన్నా మేలో కాదో కూడా చెప్పరు. పరిశోధనలు మాత్రం ఈ మూడింటి మీదా కావలసినన్ని ఉన్నాయి.

నాకు తేలింది ముందే చెబుతాను. లోటు నిజంగా ఉందని రక్తపరీక్షలో రుజువైన మనిషికి, మూడు వారాలకోసారి పూర్తి ఆంపౌల్ వేసే అలవాటు అన్నిటికన్నా నాసిరకం పద్ధతి. వారానికోసారి చిన్న మోతాదు అంతకన్నా మేలు, అది కండకు వేసినా చర్మం కింద వేసినా. డబ్బు పెట్టగలిగి, వేయించుకున్నాక ఆస్పత్రిలో అరగంట కూర్చోగలిగినవాళ్ళకు డిపో ఇంకా సుఖం. మన ప్రాంతంలో మంచి పద్ధతికి అడ్డం పడుతున్నది ఆధారాల కొరత కాదు. ఆంపౌల్ సైజు, నేర్పే మనిషి లేకపోవడం.

అసలీ సూది ఎవరికి అవసరం? ఈ సంగతి తేల్చకుండా పద్ధతులు పోల్చడం తప్పు. ఉదయం పూట, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు పరీక్ష చేయించాలి. రెండుసార్లూ తక్కువ రావాలి, లక్షణాలూ ఉండాలి. చాలామంది వైద్యులు డెసిలీటరుకు 300 నానోగ్రాములను గీతగా పెట్టుకుంటారు. అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆరోగ్యవంతులైన యువకుల కింది హద్దు 264. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువున్న క్లైన్‌ఫెల్టర్ పిల్లలు, వయసొచ్చాక గవదబిళ్ళలు వచ్చి వృషణాలు దెబ్బతిన్నవాళ్ళు, పిట్యూటరీ గడ్డకు ఆపరేషనైనవాళ్ళు, క్యాన్సరువల్ల వృషణాలు తీయించుకున్నవాళ్ళు, వీళ్ళకు సూది జీవితావసరం. ఇన్సులిన్ లేని మధుమేహ రోగికి ఇన్సులిన్ ఎంతో వీళ్ళకిది అంత. పొట్ట పెరిగి, షుగరొచ్చి, నిద్ర చెడి హార్మోను కాస్త తగ్గిన యాభై ఏళ్ళ మనిషి సంగతి వేరు. అతను బరువు తగ్గితే చాలాసార్లు హార్మోను తనంతట తానే పెరుగుతుంది. ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో దేశంలో పెద్దవాళ్ళలో 11.4 శాతానికి మధుమేహముందని తేల్చింది. వరి అన్నం మూడు పూటలా తినే మన డెల్టాలో ఈ రెండో రకం మగవాళ్ళు ఊరూరా ఉన్నారు. గోడల మీద ‘మగతనం’ ప్రకటనలు వెతుక్కుంటూ వచ్చేది వీళ్ళ కోసమే.

సూది కథకు మూలపురుషుడు ఫ్రాన్సులో స్థిరపడిన బ్రౌన్-సెకార్. ఆయన పుట్టింది మారిషస్‌లోని పోర్ట్ లూయీలో, 1817లో. తర్వాతి దశాబ్దాల్లో మన తీరం నుంచి తెలుగు కూలీలు దిగిన రేవు అదే. 1889 జూన్ 1న, 72 ఏళ్ళ వయసులో, కుక్క, గినీపిగ్ వృషణాల రసాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకుని బలమొచ్చిందని పారిస్‌లో శాస్త్రవేత్తల సభలో ప్రకటించాడు. ఆ నీటి రసంలో హార్మోను ఉన్నా అణువంతే. వచ్చింది నమ్మకం బలమే. అసలు పదార్థాన్ని 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకూర్ బృందం ఎద్దు వృషణాల నుంచి వేరుచేసింది. అదే ఏడాది బ్యూటెనాంట్, రుజిచ్కా విడివిడిగా ప్రయోగశాలలో తయారుచేసి 1939 రసాయన నోబెల్ పంచుకున్నారు.

తయారీ తెలిసినా చిక్కు తీరలేదు. ఉత్త టెస్టోస్టెరాన్‌ను శరీరంలోకి పంపితే కాలేయం త్వరగా విరిచేస్తుంది. అందుకని దానికో కొవ్వు ఆమ్లాన్ని అతికించి నూనెలో కరిగించారు. అలా అతికించినదాన్నే ఎస్టర్ అంటారు. ఆ ఆమ్లం గొలుసు ఎంత పొడుగైతే మందు నూనెలోంచి రక్తంలోకి అంత నెమ్మదిగా దిగుతుంది. ప్రొపియోనేట్ ఒక్క రోజులోపే సగమైపోతుంది. ఈనాంథేట్‌కు నాలుగున్నర రోజులు పడుతుంది. అండెకనోయేట్‌కు నెల దాటుతుంది.

ఈ నూనెల సంగతి మన పాఠకుడికి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇవన్నీ మన వంటింట్లో, పొలంలో ఉన్నవే. నాలుగు ఎస్టర్లు కలిపిన సస్టనాన్ వేరుశనగ నూనెలో ఉంటుంది. వేరుశనగ పడనివాళ్ళు ఈ మందు వేయించుకోకూడదు, సూది వేసేముందు ఎంతమంది ఆ మాట అడుగుతున్నారో అనుమానమే. అమెరికాలో అమ్మే సిపియోనేట్ పత్తిగింజల నూనెలో వస్తుంది, అక్కడి ఈనాంథేట్ నువ్వుల నూనెలో. మూడు నెలల డిపో అండెకనోయేట్ శుద్ధిచేసిన ఆముదంలో. చైనావాళ్ళు అదే అండెకనోయేట్‌ను తేయాకు జాతి గింజల నూనెలో కలిపారు. జర్మనీలో 1999లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, చైనా నూనెలో మందు 21 రోజులకు సగమైంది, ఆముదంలో 34 రోజులకు. ఎస్టర్ ఒక్కటే, మోతాదూ ఒక్కటే. నూనె మారింది, దాంతోపాటు ఒకే 4 మి.లీ. సూది బదులు రెండు వేయాల్సి వచ్చింది. ఆముదం చిక్కదనం ఎంతటిదో మన ఇళ్ళలో పసిపిల్లల తలకు రాసిన అమ్మమ్మలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ చిక్కదనమే ఇక్కడ మేలూ చేస్తుంది, సూది వేసేవాడికి కష్టమూ పెడుతుంది.

ఇప్పుడు అసలు పోలిక. 250 మి.గ్రా. సస్టనాన్ ఒక్కసారి కండకు వేస్తే, ఒకటి రెండు రోజుల్లో రక్తంలో హార్మోను డెసిలీటరుకు రెండువేల నానోగ్రాముల దాకా లేస్తుంది. ఆరోగ్యవంతుడి పైహద్దు దాదాపు వెయ్యి, అంటే అది రెట్టింపు. అక్కణ్ణుంచి జారుతూ సుమారు 21 రోజులకు కింది హద్దు చేరుతుంది. ఈ సంఖ్యలు తయారీదారుల సమాచార పత్రంలోనివే. నాలుగు ఎస్టర్లు కలిపింది మందు నిలకడగా అందాలని, ఆచరణలో మాత్రం పొట్టి ఎస్టర్లు ముందే పొంగించేస్తాయి. కాలువకు వంతులవారీగా నీళ్ళొదిలితే ఎగువ చేలు మునిగి, వంతు తిరిగొచ్చేలోగా శివారు చేలు నెర్రెలిచ్చినట్టు ఉంటుంది ఆ మూడు వారాల గీత. రోగులు దీన్ని గ్రాఫు లేకుండానే చెబుతారు: ‘సూది పడ్డ నాలుగు రోజులూ హుషారుగానే ఉంటుందండీ, మూడో వారానికొచ్చేసరికి మళ్ళీ మంచం దిగబుద్ధి కాదు.’ మొదటి రోజుల్లో మొటిమలు, చిరాకు, నిద్రలేమి. చివరి రోజుల్లో నీరసం, దిగులు. ఇంట్లోవాళ్ళు ఆ మనిషికి రెండు స్వభావాలున్నాయనుకుంటారు.

మరి రెండు వారాలు, మూడు వారాలు అనే అలవాటు ఎక్కడిది? 1980లో అమెరికాలో స్నైడర్, లారెన్స్ అనే ఇద్దరు ఈనాంథేట్‌ను నాలుగు రకాలుగా ఇచ్చి చూశారు: వారానికి 100 మి.గ్రా., రెండు వారాలకు 200, మూడు వారాలకు 300, నాలుగు వారాలకు 400. నాలుగు వారాల పద్ధతి సరిపోలేదు. రెండు వారాలకు 200 గానీ మూడు వారాలకు 300 గానీ చాలన్నారు. ఆ పరిశోధన గట్టిదే, అయితే వాళ్ళు ముఖ్యంగా కొలిచింది మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే సంకేత హార్మోను అణిగిందా లేదా అని. రోగి రోజులు ఎలా గడిచాయన్నది వాళ్ళ ప్రధాన ప్రశ్న కాదు. వైద్యుడి దగ్గరకు ఎన్ని తక్కువసార్లు వస్తే అంత మేలన్న రోజుల్లో ఆ జవాబు పనికొచ్చింది. నలభై ఏళ్ళు దాటినా మన చీటీల మీద అదే రాస్తున్నాం. మూడు వారాలకు 300 అన్న మాట మనదాకా వచ్చేసరికి 250 ఆంపౌల్ కాబట్టి 250 అయింది. 2018 మార్గదర్శకాలు వారానికి 75 నుంచి 100, లేదా రెండు వారాలకు 150 నుంచి 200 మి.గ్రా. అంటున్నాయి. మూడు వారాల మాట అక్కడ లేదు.

చర్మం కింద పద్ధతికి వద్దాం. కండకు పడితేనే పనిచేస్తుందన్న నమ్మకం పాతది. 1982లో కెనడా వైద్యులు సీటీ స్కాన్లు చూసి, పిర్రకు వేసే మామూలు సూది నిజంగా కండదాకా చేరేది మగవాళ్ళలో 15 శాతంలోపేనని, ఆడవాళ్ళలో 5 శాతంలోపేనని అంచనా వేశారు. మిగతాది కొవ్వులోనే ఆగిపోతుంది. అంటే కండకు వేస్తున్నామనుకుంటూ దశాబ్దాలుగా చాలామందికి చర్మం కిందే వేస్తున్నాం. మందు మాత్రం పనిచేస్తూనే ఉంది. 2017లో అమెరికాలో స్ప్రాట్ బృందం 63 మంది ట్రాన్స్ పురుషులకు వారానికి 50 నుంచి 150 మి.గ్రా. చర్మం కింద ఇచ్చింది. అందరిలోనూ హార్మోను పురుషుల స్థాయికి వచ్చింది. వాళ్ళలో అంతకుముందు కండకు వేయించుకున్నవాళ్ళు 22 మంది. రెండింటి రుచీ చూసిన ఆ 22 మందీ చర్మం కిందదే నయమన్నారు. నొప్పి తక్కువ, ఎవరి సాయం లేకుండా వేసుకోవచ్చు, గీత సమంగా ఉంటుంది. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వారానికోసారి పొట్ట మీద నొక్కుకునే ఈనాంథేట్ పెన్నుకు అనుమతిచ్చింది. దాని సమాచార పత్రంలో రక్తపోటు పెంచుతుందన్న హెచ్చరిక ఉంది. 2025లో అదే సంస్థ ఆ హెచ్చరికను టెస్టోస్టెరాన్ మందులన్నిటికీ వర్తింపజేసింది. బీపీ మాత్రలు వేసుకునే మనిషి ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ సంగతి మర్చిపోకూడదు.

ట్రాన్స్ పురుషుల పేరు ఇక్కడ మాటవరసకు తేలేదు. చర్మం కింద పద్ధతి గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో పెద్ద వాటా వాళ్ళ ఒంటి మీద తేలినదే. తెలుగు నేల మీద వాళ్ళకంటూ పెట్టిన మిత్ర్ క్లినిక్ 2021 జనవరిలో హైదరాబాదులో మొదలైంది. దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం, చాలావరకు వాళ్ళే నడిపిన మొదటి సమగ్ర క్లినిక్ అది. హార్మోను వైద్యం మీద సలహా, రక్తపరీక్షలు, మానసిక వైద్యం ఒకే గూట్లో దొరికేవి. 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగిపోగానే మూతపడింది. క్లినిక్ మూతపడితే సూది ఆగదు. పర్యవేక్షణ ఆగుతుంది. స్నేహితుల దగ్గరో జిమ్‌లోనో అడిగి తెలుసుకున్న మోతాదు దాని స్థానంలోకి వస్తుంది. దివిసీమ నుంచో కైకలూరు నుంచో అంత దూరం వెళ్ళి వైద్యం మొదలుపెట్టిన కుర్రాడికి ఆ మూసివేత ఎంత నష్టమో ఊహించడం కష్టం కాదు.

అండెకనోయేట్ డిపోది వేరే లెక్క. వెయ్యి మి.గ్రా., 4 మి.లీ. ఆముదం, పిర్ర కండలోకి లోతుగా. మొదటిదానికీ రెండోదానికీ ఆరు వారాలు, తర్వాత 10 నుంచి 14 వారాలకోసారి. ఏడాదికి నాలుగైదు సూదులతో అయిపోతుంది, వారానికోసారి పద్ధతిలో 52. ఐరోపాలో 2004 ప్రాంతంలో వచ్చింది, మన దేశంలోనూ తయారవుతోంది. పొంగూ ఆటూ చాలా తక్కువ. వారాలు లెక్కపెట్టుకోనక్కర్లేదు. ఆంపౌల్ వందల రూపాయల్లో ఉంటే ఇది వేలల్లో ఉంటుంది. ఇంకోటి, వేసే తీరు. నూనె బొట్టు పొరపాటున రక్తనాళంలోకి పోతే ఊపిరితిత్తుల్లో చిక్కుకుని నిమిషాల్లో దగ్గు, ఛాతీ పట్టేయడం, కళ్ళు తిరగడం వస్తాయి. వంద సూదులకు రెండుకన్నా తక్కువే, సాధారణంగా అరగంటలో తగ్గిపోతుంది. అందుకే అమెరికాలో వేయించుకున్నాక 30 నిమిషాలు కూర్చోబెట్టి గానీ పంపకూడదన్న నిబంధన పెట్టారు. ఇంట్లో వేసుకునే మందు కాదిది, ఆర్‌ఎంపీ గది బల్ల మీద హడావుడిగా వేసేదీ కాదు.

వేసే చేతి పని దగ్గరగా చూడదగ్గది. ఆంపౌల్‌ను కాసేపు అరచేతుల మధ్య ఉంచి నూనెను ఒంటి వేడికి తెస్తారు, పలచబడుతుంది. లావు సూదితో, 18 నంబరుతో, ఆంపౌల్ లోంచి లాగుతారు. ఆ తర్వాత సూది మార్చి 21 నంబరు, ఒకటిన్నర అంగుళాల పొడుగుది పెడతారు. చర్మాన్ని ఒక పక్కకు లాగి పట్టుకుని, సూది దించి, ఒక్క క్షణం పిస్టన్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసి, నెమ్మదిగా నొక్కుతారు. డిపో అయితే కనీసం రెండు నిమిషాలు. రెండు నిమిషాలంటే వరసలో పదిమంది ఎదురుచూస్తున్న గదిలో చాలా ఎక్కువసేపు. సూది తీశాక పట్టి ఉంచిన చర్మం వదిలేస్తే అది తన చోటికి జరిగి, కన్నం దారి మూసుకుని నూనె బయటికి కారదు. ఈ చిన్న పనిని మనవాళ్ళలో చాలామంది మానేస్తారు, అందుకే ప్యాంటు జేబు దగ్గర నూనె మరకలు.

ఎక్కడ వేయాలన్నది కూడా అంతే ముఖ్యం. పిర్రను నాలుగు భాగాలుగా ఊహించుకుని పైబయటి భాగంలో వేయమని పాత పాఠం. లోపలి వైపుకో కిందికో జరిగితే సయాటికా నరం తగులుతుంది. కాలు ఈడ్చుకుంటూ మిగిలినవాళ్ళు ప్రతి మండలంలోనూ ఎవరో ఒకరు గుర్తొస్తారు. తుంటి ఎముక మొన మీద అరచెయ్యి పెట్టి చూపుడు వేలు, మధ్యవేలు విడదీస్తే మధ్యలో వచ్చే తుంటి పక్క భాగంలో పెద్ద నరాలు లేవు, కొవ్వూ తక్కువ. అదే ఉత్తమమని నర్సింగ్ పుస్తకాలు ఏళ్ళుగా చెబుతున్నాయి. మన దగ్గర అక్కడ వేసేవాళ్ళు అరుదు. చెయ్యి భుజానికి వేస్తే తేడా ఉంటుందా? టెస్టోస్టెరాన్‌కు దగ్గరి చుట్టమైన నాండ్రోలోన్‌తో 1997లో సిడ్నీ పరిశోధకులు పరీక్షించారు. అదే మోతాదు భుజానికి వేసినప్పటికన్నా పిర్రకు, తక్కువ నూనెలో వేస్తే మందు బాగా ఒంటికి పట్టింది. ‘డాక్టరుగారూ, నరానికి వెయ్యండి, తొందరగా పనిచేస్తుంది’ అని అడిగే అలవాటు మన పల్లెల్లో ఉంది. గ్లూకోజ్ బాటిల్ విషయంలో ఆ మాట నడవచ్చు. నూనె సూది నరానికి, అంటే రక్తనాళంలోకి, ఎప్పుడూ, ఎవరూ వేయకూడదు.

ఇంట్లో వేసుకునే సంగతి. మన ప్రాంతంలో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళ ఇళ్ళు ఎన్నో. పొట్ట చర్మం మడత పట్టుకుని పొడవడం వాళ్ళ ఇంట్లో పదేళ్ళ మనవడికీ తెలుసు. చర్మం కింద టెస్టోస్టెరాన్‌కు ఇంతకన్నా మంచి పునాది లేదు. ఒక్క ప్రమాదం మాత్రం ఉంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లవి, సిరంజీలూ ఆ గీతలవే. అమెరికాలో 100 యూనిట్లవి. 250 మి.గ్రా. మందులో 75 మి.గ్రా. కావాలంటే 0.3 మి.లీ. తీసుకోవాలి. అది 100 యూనిట్ల సిరంజీలో 30వ గీత, 40 యూనిట్ల సిరంజీలో 12వ గీత. డాలస్‌లో ఉన్న బావగారు ఫోన్లో ‘ముప్ఫై గీతల దాకా లాక్కో’ అంటే ఇక్కడ నలభై గీతల సిరంజీలో ముప్ఫై దాకా లాగితే ఒంట్లోకి పోయేది 187 మి.గ్రా. మోతాదు ఎప్పుడూ మిల్లీలీటర్లలోనే చెప్పాలి, గీతలున్న 1 మి.లీ. మామూలు సిరంజీలోనే కొలవాలి. సన్నటి ఇన్సులిన్ సూదితో నూనె లాగడమే కష్టం, అదొక్కటే మనవాళ్ళను ఈ పొరపాటు నుంచి కొంత కాపాడుతోంది. 25 నంబరు, అంగుళంలో అయిదెనిమిదో వంతుల పొడుగు సూది సరిపోతుంది.

ఇక్కడే ఆంపౌల్ చిక్కు వస్తుంది. అమెరికాలో సిపియోనేట్ రబ్బరు మూత సీసాలో, మి.లీ.కి 200 మి.గ్రా. చొప్పున, 10 మి.లీ. దాకా దొరుకుతుంది. వారం వారం అరమిల్లీలీటరు తీసుకుంటూ పోవచ్చు. మన ఆంపౌల్ మెడ విరిచాక మూసుకోదు. 0.3 వాడి 0.7 పారేయాలి. ఏడాదికి 52 ఆంపౌల్స్, ఖర్చు మూడింతలు. పారేయడం మనసొప్పక మిగిలినదాన్ని సిరంజీలోకి లాగి ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్ళున్నారు. అది వద్దు. క్రిములు చేరే దారి తెరిచినట్టే, పైగా చల్లదనానికి ఈనాంథేట్ గింజకట్టి స్ఫటికాలవుతుంది. తెరవని ఆంపౌల్‌ను 30 డిగ్రీల లోపు ఉంచాలి, ఫ్రిజ్‌లో మాత్రం కాదు. మే నెలలో పెంకుటింట్లో అదీ తేలిక కాదు, మట్టి నేల మీద నీడపట్టున ఉంచిన డబ్బా మేలు. చీటీ రాసే వైద్యుడు తక్కువ మోతాదు ఆంపౌల్ దొరుకుతుందేమో చూడాలి. దొరక్కపోతే రెండు వారాల లోపు వ్యవధిలో మోతాదు కుదించడం మధ్యేమార్గం. ఏ మందుల కంపెనీ అయినా రబ్బరు మూతతో 5 మి.లీ. ఈనాంథేట్ సీసా తెస్తే మన మారుమూల రోగికి అది ఏ కొత్త మందుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది. నాలుగు ఎస్టర్ల మందును చర్మం కింద వాడిన ఆధారాలు పలచన. ఈనాంథేట్, సిపియోనేట్ మీదే పరిశోధనలు ఎక్కువగా జరిగాయి.

వాడిన సూది ఎక్కడికి పోతుంది? ఇండియాక్లెన్ బృందం 2000ల తొలి ఏళ్ళలో దేశంలో వేసే సూదుల్లో దాదాపు 63 శాతం సురక్షితం కాదని తేల్చింది. అప్పటికన్నా ఇప్పుడు చాలా మారింది, సిరంజీ మళ్ళీ వాడటం తగ్గింది. ఇంట్లో వేసుకునేవాళ్ళ సూదులు మాత్రం చెత్తకుప్పలోకో కాలవలోకో పోతున్నాయి. చేపల చెరువుల గట్ల మీద ఉత్త కాళ్ళతో తిరిగే ఊరిలో అది ఇంకొకరి కాల్లో దిగుతుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోగేసి పీహెచ్‌సీలో తెల్ల డబ్బాలోకి అప్పగించడం కష్టమైన పనేమీ కాదు.

అన్ని పద్ధతులకూ ఉమ్మడి ప్రమాదం రక్తం చిక్కబడడం. రక్తంలో ఎర్రకణాల వాటా, అంటే హెమటోక్రిట్, 54 శాతం దాటితే సూది ఆపాలి. చర్మానికి రాసుకునే జెల్‌తో పోలిస్తే సూదులతో ఇది ఎక్కువ, ఆ మొదటి రోజుల పొంగు దానికి ఒక కారణం. అయితే నిలకడైన డిపో పూర్తిగా తప్పిస్తుందనుకోకూడదు. ఆస్ట్రేలియాలో 1007 మంది పొట్ట పెరిగిన మగవాళ్ళను రెండు వర్గాలు చేసి, రెండేళ్ళు ఒక వర్గానికి అండెకనోయేట్, రెండోదానికి మందు లేని ఉత్త సూది ఇచ్చిన టీ4డీఎం అధ్యయనం 2021లో వచ్చింది. రెండేళ్ళకు మధుమేహం ఉన్నవాళ్ళు ఉత్త సూది వర్గంలో 21 శాతం, మందు వర్గంలో 12. ఆ శుభవార్తే మన దగ్గర ప్రచారంలోకొచ్చింది. మందు వర్గంలో 22 శాతం మందికి హెమటోక్రిట్ 54 చేరిందన్న రెండో సగం రాలేదు. గుండె సంగతి 2023లో వచ్చిన ట్రావర్స్ పరీక్ష కొంత తేల్చింది. అయిదువేల మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు కొంచెం పెరిగాయి. అక్కడ వాడింది జెల్. రెండువేల దాకా పొంగే ఆంపౌల్‌కు ఆ భరోసా యథాతథంగా అంటగట్టకూడదు.

పిల్లలు కావాలనుకుంటున్నవాళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. పెళ్ళై రెండేళ్ళైనా పిల్లలు లేరని, వీర్యకణాలు తక్కువున్నాయని టెస్టోస్టెరాన్ సూదులు వేయించుకుంటున్నారు. ఫలితం సరిగ్గా తల్లకిందులు. బయటి హార్మోను రాగానే పిట్యూటరీ సంకేతాలు ఆగి వీర్యకణాల తయారీ పడిపోతుంది. చైనాలో నెలకోసారి 500 మి.గ్రా. అండెకనోయేట్‌ను వెయ్యిమందికి పైగా మగవాళ్ళకు గర్భనిరోధకంగా వాడిన అధ్యయనం 2009లో వచ్చింది. ఏడాదికి వందమందిలో ఒకరిద్దరికి మించి విఫలం కాలేదు. కుటుంబ నియంత్రణకు అంత బాగా పనిచేసే మందును సంతానం కోసం వేయించుకోవడం ఎంత ఘోరం. ఆపాక చాలామందికి నెలల్లో తిరిగొస్తుంది, అందరికీ వెంటనే రాదు. అలాంటివాళ్ళకు హెచ్‌సీజీ అనే వేరే సూది ఉంది. వృషణాల్ని పనిచేయించేది అది. జిమ్ కోసం వేసుకునే కుర్రాళ్ళదీ ఇదే గతి, వాళ్ళు చెప్పుకోరు కాబట్టి పెళ్ళయ్యాకే బయటపడుతుంది. ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు.

పర్యవేక్షణలో సమయం ముఖ్యం. ఈనాంథేట్ వాడేవాళ్ళు రెండు సూదుల మధ్యరోజున రక్తమివ్వాలి, డిపో వాడేవాళ్ళు తర్వాతి సూదికి ముందు. సూది పడ్డ మర్నాడు పరీక్ష చేయించి ‘హార్మోను బ్రహ్మాండంగా ఉంది’ అని మోతాదు తగ్గించడం, మూడో వారం చివర చేయించి పెంచడం, రెండూ చూస్తున్నాం. హెమటోక్రిట్ మొదలుపెట్టే ముందు, మూడు నుంచి ఆరు నెలల మధ్య, తర్వాత ఏడాదికోసారి. ప్రొస్టేట్ పరీక్ష వయసును బట్టి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక ముదినేపల్లి ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, గుడివాడ, బందరు కృష్ణాలోనే ఉండిపోయాయి. రోగి కాళ్ళు మాత్రం ఇంకా గుడివాడ వైపే నడుస్తాయి. 2023లో ఏలూరులో, బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఈ రెంటిలో ఏ ఒక్కటైనా చేయగలిగిన పని ఒకటుంది: తీరప్రాంతపు మగవాళ్ళను మూడు వర్గాలు చేసి, ఒకరికి ఇప్పుడు నడుస్తున్న మూడు వారాల ఆంపౌల్, ఒకరికి నర్సు నేర్పిన వారం వారం చర్మం కింద సూది, ఒకరికి డిపో ఇచ్చి, రెండేళ్ళు హెమటోక్రిట్, రక్తపోటు, తప్పిపోయిన సూదులు, చేతి ఖర్చు, ఇంట్లోవాళ్ళు చూసిన మనిషి తీరు, ఈ అయిదూ రాసిపెట్టడం.